పత్తి ఏరడానికి పోయే ముందు ఆడవాళ్లు చూసుకోవాల్సినవి

బతుకమ్మ పండుగకు అటూ ఇటూగా నల్లగొండ జిల్లాలో మునుగోడు, చండూరు, దేవరకొండ వైపు పత్తి పగలడం మొదలవుతుంది. అప్పటి నుంచి సంక్రాంతి దాకా ఆడవాళ్లకు తీరిక ఉండదు. పొద్దున ఆటో ఎక్కితే ఇల్లు చేరేది చీకటి పడే వేళకే. కూలి కిలో లెక్కన కాబట్టి నీళ్లు తాగడానికి ఆగినా, ఒంటికి పోయినా, ఆ కాసేపట్లో తగ్గేది తన కూలే. అందుకే ఈ మూడు నాలుగు నెలల్లో మంట, తెల్లబట్ట, కడుపునొప్పి, ఎక్కువ రక్తస్రావం ఏది వచ్చినా "పత్తి అయిపోనీ, చూద్దాం" అంటారు. అయిపోయాక ఆసుపత్రికి పోతే, కొన్ని ఇళ్లలో చేతికొచ్చిన పత్తి డబ్బంతా గర్భసంచి ఆపరేషన్‌కే పోతుంది. దసరాకు ముందు కొన్ని రోజులు జాగ్రత్త పడితే ఇందులో చాలావరకు తప్పించుకోవచ్చు.

లోపల ఏం జరుగుతుందో కాస్త తెలిస్తే ఈ జాగ్రత్తలన్నీ ఎందుకో అర్థమవుతాయి. గర్భసంచి పిడికిలంతే ఉంటుంది, పొడవు 7-8 సెంటీమీటర్లు. దానికి రెండు వైపులా సన్నని గొట్టాలు, వాటి చివర్ల దగ్గర రెండు అండాశయాలు. అండాశయాల నుంచి వచ్చే ఈస్ట్రోజన్ గర్భసంచి లోపలి పొరను మందంగా పెంచుతుంది. అండం విడుదలయ్యాక ప్రొజెస్టిరాన్ ఆ పొరను నిలబెడుతుంది. గర్భం రాకపోతే రెండు హార్మోన్లూ తగ్గిపోయి, ఆ పొర రక్తంతో కలిసి బయటకు వస్తుంది. అదే ముట్టు. అది చెడు రక్తం కాదు, గర్భం కోసం ఒళ్లు సిద్ధం చేసుకున్న పొర. ముట్టుకు ముట్టుకు మధ్య 21 నుంచి 35 రోజులు ఉండటం, 2 నుంచి 7 రోజులు రక్తం పోవడం మామూలే. మొత్తం మీద పోయే రక్తం 30-40 మిల్లీలీటర్లు. 80 దాటితే ఎక్కువైనట్టు. కొలిచి చూసుకునేవాళ్లు ఎవరూ ఉండరు కాబట్టి గుర్తు ఇలా పెట్టుకోండి: గంటకో రెండు గంటలకో ప్యాడ్ నిండిపోవడం, పెద్ద గడ్డలు పడటం, వారం దాటినా ఆగకపోవడం.

పత్తి చేలో ఇబ్బంది ఎక్కువగా మూత్రంతోనే మొదలవుతుంది. ఆడవాళ్ల మూత్రనాళం 4 సెంటీమీటర్లే. మగవాళ్లది దాదాపు 20. పైగా మూత్రద్వారం, యోని, మలద్వారం మూడూ దగ్గర దగ్గరగా ఉంటాయి. క్రిములు పైకి పాకడానికి అంత కన్నా దగ్గరి దారి అక్కర్లేదు. నీళ్లు సరిపడా తాగి, ఆపుకోకుండా పోతుంటే మూత్రంతో పాటు ఆ క్రిములూ కొట్టుకుపోతాయి. చేనుకు పోయే ఆడవాళ్లు సరిగ్గా దీనికి ఎదురు చేస్తారు. చాటు దొరకదని పొద్దున్నే నీళ్లు తగ్గించుకుంటారు, సాయంత్రం దాకా ఆపుకుంటారు.

దీనికి మందు కన్నా ముందు చాటు కావాలి. నాలుగు కట్టెలు పాతి, పాత చీరో బస్తాలో చుట్టితే పది నిమిషాల్లో తయారవుతుంది. పనికి ఒప్పుకునేటప్పుడే మేస్త్రీ ద్వారా రైతుకు ఈ మాట చెప్పించాలి. ఒక్కరు అడిగితే నవ్వి ఊరుకుంటారు, ఆటోలో వచ్చినవాళ్లంతా కలిసి అడిగితే చేస్తారు. రైతు ఇంటి ఆడవాళ్లు కూడా అదే చేలో ఏరుతుంటారు కదా.

నీళ్లు ఇంటి నుంచే తీసుకుపోండి, మనిషికి కనీసం రెండు లీటర్లు. నల్లగొండ వైపు చాలా చోట్ల బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఉన్న సంగతి మనకు కొత్తగా చెప్పేది కాదు, మిషన్ భగీరథ నల్లా నీళ్లు పట్టుకుని పోవడమే మేలు. పురుగుమందు డబ్బాను ఎన్నిసార్లు కడిగినా సరే, అందులో తాగేనీళ్లు పోయకండి.

మూత్రం మంటగా వస్తుంటే, కొంచెం కొంచెంగా మాటిమాటికి వస్తుంటే, పొత్తికడుపు నొస్తుంటే రెండు రోజుల్లోపు పీహెచ్‌సీలో చూపించుకోండి. చలిజ్వరం, నడుముకు పక్కగా నొప్పి, వాంతులు కూడా ఉంటే ఇన్ఫెక్షన్ కిడ్నీ దాకా పోయి ఉండొచ్చు. అప్పుడు ఆ రోజే పోవాలి. గర్భంతో ఉన్నవాళ్లు మంట మొదలైన రోజే పోవాలి.

ఇక ముట్టు రోజుల సంగతి. ప్యాడ్ అయినా బట్ట అయినా నాలుగు నుంచి ఆరు గంటలకు ఒకసారి మార్చాలి. అంటే చేలో కనీసం ఒకసారి మార్చక తప్పదు. సంచిలో ప్యాడ్లు, పాత పేపరు, ఒక కవరు, చిన్న సబ్బు ముక్క పెట్టుకోండి. సబ్బు ఎందుకంటే, పత్తి మీద కొట్టిన మందు ఆకులకు, కాయలకు అంటి మన చేతులకు వస్తుంది. ఆ చేతులతోనే ప్యాడ్ మారుస్తాం. కాబట్టి ఒంటికి పోయే ముందు, ప్యాడ్ ముట్టుకునే ముందు కూడా చేతులు కడుక్కోవాలి. అన్నం ముందు ఎలాగూ కడుగుతాం. వాడిన ప్యాడ్ చేలో పారేయకుండా పేపరులో చుట్టి కవర్లో వెనక్కి తెచ్చేయండి.

బట్ట వాడేవాళ్లు నూలుదే వాడండి. సబ్బుతో ఉతికి ఎండలో ఆరేయాలి. ఎవరైనా చూస్తారని చీర కిందో మూలకో ఆరేస్తే బట్ట తడిగానే ఉండి క్రిములు పెరుగుతాయి. ఈ సిగ్గు ఒక్కటి వదిలిపెట్టగలిగితే సగం దురదలు పోతాయని నా నమ్మకం. మెన్‌స్ట్రువల్ కప్ అలవాటు చేసుకోగలిగితే పది పన్నెండు గంటల దాకా తీయాల్సిన పని ఉండదు, కూలి పనికి చాలా అనుకూలం. కానీ సీజన్ నడుమ కొత్తగా మొదలుపెట్టొద్దు, ఒకటి రెండు నెలల ముందే ఇంట్లో అలవాటు కావాలి. కాపర్ టీ ఉన్నవాళ్లు ముందుగా నర్సును అడగండి.

మందు కొట్టిన చేలోకి ఎన్ని రోజులకు దిగొచ్చో డబ్బా మీద రాసి ఉందేమో చూడమని రైతును అడగాలి. "ఎప్పుడు కొట్టిండ్రు?" అని అడగడం మన హక్కు. కడుపుతో ఉన్నవాళ్లు అలాంటి చేలోకి పోకపోవడమే మంచిది. మందు కొట్టినవాళ్ల బట్టలు ఉత్తచేతులతో ఉతకొద్దు కూడా. తొలి వారాల్లో గర్భం ఉన్న సంగతి చాలామందికి తెలియనే తెలియదు. ముట్టు తప్పితే ఆశా అక్క దగ్గర నిశ్చయ్ కిట్ ఉంటుంది, మూత్రంతో ఇంట్లోనే చూసుకోవచ్చు.

పండుగకు, జాతరకు ముట్టు అడ్డం రాకూడదని మెడికల్ షాపులో మాత్రలు కొని వేసుకోవడం ఇప్పుడు మామూలైపోయింది. బతుకమ్మకు మొదలుపెట్టి, పత్తికి, చెరువుగట్టు జాతరకు కూడా అవే మాత్రలు. ఎప్పుడో ఒకసారి డాక్టర్ను అడిగి వాడితే ఫర్వాలేదు. కానీ కాళ్లలో రక్తం గడ్డకట్టినవాళ్లు, రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్లు, లివర్ జబ్బు ఉన్నవాళ్లు వాటి జోలికి పోకూడదు. ఆ మాత్రలు గర్భం రాకుండా ఆపుతాయని కూడా అనుకోవద్దు.

దసరాకు ముందు చేయించుకోవాల్సిన పరీక్ష ఒకటే చెప్పమంటే హిమోగ్లోబిన్ అంటాను. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తెలంగాణ స్త్రీలలో సగం కన్నా ఎక్కువమందికి రక్తహీనత ఉందని తేలింది. హిమోగ్లోబిన్ 12 గ్రాముల కన్నా తక్కువ ఉంటే, గర్భిణికైతే 11 కన్నా తక్కువ ఉంటే, రక్తం తక్కువ ఉన్నట్టే. పత్తి చేలో కళ్లు తిరిగి పడిపోయేవాళ్లలో కొందరికి కారణం ఎండ కాదు, ఇదే. ఐరన్ మాత్రలు పీహెచ్‌సీలో ఉచితం. నిమ్మకాయ నీళ్లతో వేసుకోండి, చాయ్‌కి కనీసం గంట ఎడం ఉండాలి. మలం నల్లగా వస్తే భయపడొద్దు, మాత్రలకు అలాగే వస్తుంది. సజ్జ రొట్టె, పప్పులు, మునగాకు, దొరికినప్పుడు కార్జం తినాలి. బెల్లం ముక్క ఒక్కటే తిని రక్తం పడుతుందనుకుంటే కుదరదు.

నడుముకు కట్టుకున్న ఒడి నిండి బరువెక్కే దాకా ఆగకుండా మధ్యమధ్యలో కుప్పలో పోయండి. మూట ఇద్దరు కలిసి ఎత్తండి. కాన్పయ్యి ఆరు వారాలు కాకముందే బరువులు మోస్తే గర్భసంచి కిందికి జారే అవకాశం పెరుగుతుంది. కింద ఏదో దిగినట్టు, దగ్గితే మూత్రం పడినట్టు అనిపిస్తే దాచుకోకండి. మూత్రం ఆపుకునేటప్పుడు బిగించే కండరాలనే ఐదు సెకన్లు బిగించి వదలాలి, పదిసార్లు, రోజుకు మూడు పూటలు. మొదట్లో ఉన్న జారుడుకు ఇది బాగా పనికొస్తుంది.

ఒక్క విషయంలో మాత్రం ఆలస్యం చేయొద్దు. ముట్టు తప్పి, పొత్తికడుపులో ఒక పక్క గట్టిగా నొప్పి, కళ్లు తిరగడం ఉంటే గర్భం గొట్టంలో నిలిచి ఉండొచ్చు. ఫ్యామిలీ ప్లానింగ్ ఆపరేషన్ అయినవాళ్లకు కూడా అరుదుగా ఇలా జరుగుతుంది. చేలో నుంచే 108కి ఫోన్ చేయాలి.

చివరగా తెల్లబట్ట, గర్భసంచి మాట. తెల్లగా, పల్చగా, వాసన లేకుండా కొంచెం రావడం ఆరోగ్యమే. యోనిలో సహజంగా ఉండే పులుపు క్రిములను ఆపుతుంది. సబ్బు, డెటాల్‌తో లోపల కడిగితే ఆ కాపలా పోతుంది, బయట మంచినీళ్లతో కడిగితే చాలు. పెరుగు విరిగినట్టు వచ్చి దురద పెట్టినా, చేపల వాసన వచ్చినా, పచ్చగా వచ్చినా మందులతో తగ్గుతుంది. దానికి గర్భసంచి తీయక్కర్లేదు. నడుము నొప్పికీ అక్కర్లేదు. పైన చెప్పిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారమే 15-49 ఏళ్ల స్త్రీలలో గర్భసంచి తీయించుకున్నవాళ్లు దేశం మొత్తం మీద నూటికి ముగ్గురైతే తెలంగాణలో ఎనిమిది మంది దాకా ఉన్నారు. క్యాన్సర్, మందులకు లొంగని రక్తస్రావం, బాగా జారిపోయిన గర్భసంచి, ఇలాంటివాటికి ఆపరేషన్ అవసరమే. ముట్టు ఆగిపోయి ఏడాది దాటాక రక్తం కనిపించినా, కలయిక తర్వాత రక్తం వచ్చినా వెంటనే చూపించుకోవాల్సిందే. కానీ నలభై నిండకముందే అండాశయాలతో సహా తీసేస్తే ఎముకలు త్వరగా గుల్లబారతాయి, గుండె జబ్బు ముప్పు పెరుగుతుంది.

"తీయకపోతే క్యాన్సర్ అవుతుంది" అని ఎవరైనా అంటే మూడు మాటలు అడగండి: స్కానింగ్‌లో ఏం కనిపించింది, మందులతో ఎన్ని నెలలు చూడొచ్చు, అండాశయాలు ఉంచుతారా. రిపోర్టులన్నీ అడిగి తీసుకుని నల్లగొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్ ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఆసుపత్రుల్లో ఏదో ఒకదాంట్లో గైనిక్ డాక్టర్‌కు ఇంకోసారి చూపించండి. 2023 మార్చి 8న రాష్ట్రంలో మొదలైన ఆరోగ్య మహిళ క్లినిక్‌లు మంగళవారం ఆడవాళ్ల కోసమే నడిచేలా పెట్టినవి. మీకు దగ్గర్లో ఏ పీహెచ్‌సీలో ఉందో ఆశా అక్కను అడిగి, పత్తి మొదలుకాకముందే ఒక మంగళవారం పోయి రండి.