నోటీసులో ‘అడ్హియర్’ తడబడుతోందా? సమస్య – పరిష్కారం

కూకట్‌పల్లి అపార్ట్‌మెంట్ లిఫ్టుల్లో, మాదాపూర్ ఆఫీసు మెయిళ్లలో, అమీర్‌పేట కోచింగ్ సెంటర్ల గోడల మీద ఈ వాక్యం కనిపిస్తూనే ఉంటుంది: ‘రూల్స్ మస్ట్ బి స్ట్రిక్ట్‌లీ అడ్హియర్డ్.’ గట్టిగా చెప్పాల్సిన చోటే భాష జారితే, చదివేవాళ్ల కళ్లు నిబంధన మీద కాక తప్పు మీద పడతాయి.

సమస్య: చివర ‘టు’ ఎగిరిపోయింది.

కారణం: మనసులో ‘నిబంధనలను పాటించాలి’ అనుకుని రాస్తాం. ‘ఫాలో’ అయితే ఆ ఆలోచనతో సరిపోయేది, దాని తర్వాత ‘టు’ లాంటి మాటేదీ అక్కర్లేదు. ‘అడ్హియర్’ అలా కాదు. అంటుకోవడం అనే అర్థమున్న లాటిన్ క్రియ నుంచి వచ్చింది, ‘అడ్హెసివ్’ కూడా అక్కడిదే. దేనికి అంటుకుందో చెప్పాలి కదా, అందుకే ‘టు’ తప్పదు.

పరిష్కారం: ‘నిబంధనలకు కట్టుబడాలి’ అనుకుని రాయండి. ఆ ‘కు’ పలికే చోట ‘టు’ పెట్టండి: ‘రెసిడెంట్స్ మస్ట్ అడ్హియర్ టు ది పార్కింగ్ రూల్స్.’ కర్మణి ప్రయోగంలో రూల్స్ ముందుకు జరిగినా ‘టు’ మాత్రం క్రియ పక్కనే ఉండాలి: ‘ది పార్కింగ్ రూల్స్ మస్ట్ బి స్ట్రిక్ట్‌లీ అడ్హియర్డ్ టు.’ వాక్యం ‘టు’తో ముగిస్తే తప్పేమోనని కొందరు కొట్టేస్తారు. తప్పు కాదు, ఉంచండి. చెవికి ఇబ్బందిగా ఉంటే కర్తరి వాక్యమే రాయండి, నాకైతే నోటీసుకు అదే మేలనిపిస్తుంది. ఎవరు పాటించాలో కూడా అందులో తేలిపోతుంది.

సమస్య: ‘కంప్లై టు’, ‘ఇన్ అకార్డెన్స్ టు’, ‘అబైడ్ విత్’.

కారణం: ఒకదాని తోక ఇంకోదానికి తగిలించడం. ‘అకార్డింగ్ టు’ నోట్లో నానడం వల్ల ‘అకార్డెన్స్’కీ అదే వచ్చేస్తుంది.

పరిష్కారం: కంప్లై విత్, ఇన్ స్ట్రిక్ట్ అకార్డెన్స్ విత్, అబైడ్ బై. జంటగానే గుర్తుపెట్టుకోండి. నామవాచకం కావాలంటే ‘స్ట్రిక్ట్ అడ్హియరెన్స్ టు’. ‘అడ్హీషన్’ జిగురు లాంటి వాటికి వాడే మాట.

సమస్య: ‘కైండ్లీ స్ట్రిక్ట్‌లీ అడ్హియర్...’ అని రాసినా ఎవరూ పట్టించుకోరు.

కారణం: బతిమాలుతున్నారో, ఆదేశిస్తున్నారో తెలియడం లేదు.

పరిష్కారం: తడి చెత్త, పొడి చెత్త వేరు చేయమని అడగడానికి ‘ప్లీజ్’ చాలు. ఫైర్ ఎగ్జిట్‌కు అడ్డంగా బైకులు పెట్టకూడదంటే ‘మస్ట్ నాట్’ అనాల్సిందే, అక్కడ ‘కైండ్లీ’ తీసేయండి. ‘స్ట్రిక్ట్‌లీ’ని కూడా అలాంటి చోటుకే దాచుకోండి. ప్రతి వాక్యంలోనూ ఉంటే దాన్ని ఎవరూ లెక్కచేయరు.