సైటు నుంచి బురద నీరు బయటికి పోతోందా? తప్పు ఎక్కడుందో పట్టుకుని సరిచేయడం ఎలా

నిర్మాణ సైటు గేటు దాటి బురద నీరు రోడ్డెక్కిందని ఫోన్ రాగానే అందరం చేసే మొదటి పని, నీరు కనిపించిన చోట ఇసుక బస్తాలు వేయడం. ఆ పూటకు గడిచిపోతుంది. తర్వాతి వానకు మళ్లీ అదే ఫోన్, అదే టెన్షన్. ఎందుకంటే నీరు బయటపడిన చోటు ఒకటి, తప్పు జరిగిన చోటు ఇంకొకటి. పారే నీటికి ఎదురు నడుచుకుంటూ వాలు పైకి వెళ్లి, అది మట్టిని ఎక్కడ ఎత్తుకుంటోందో చూసినప్పుడే అసలు కారణం దొరుకుతుంది. కింద చెప్పే ప్రతి సమస్యనూ నేను అలాగే చూస్తాను.

నిబంధనల గురించి ఒక మాట. మీ సైటుకు ఇచ్చిన అనుమతి పత్రంలో ఏముందో అదే మీకు చివరి మాట. ఇక్కడ గడువులు, కొలతలు చెప్పాల్సి వచ్చినప్పుడు ఎక్కువగా అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ వారి 2022 కన్‌స్ట్రక్షన్ జనరల్ పర్మిట్‌ను ఆధారం చేసుకున్నాను. అది గడువులను గంటల్లో, రోజుల్లో చెబుతుంది కాబట్టి నేర్చుకోవడానికి బాగుంటుంది. అక్కడ ఒక ఎకరం, అంతకు మించి నేలను కదిపే పనికి ఇలాంటి అనుమతి ఉండాలి. పెద్ద ప్రాజెక్టులో భాగమైతే అంతకన్నా చిన్న ముక్కకైనా ఉండాల్సిందే. అక్కడ కూడా చాలా రాష్ట్రాలకు సొంత పర్మిట్లు ఉన్నాయి కాబట్టి అంకెలు కొంత మారతాయి.

సిల్ట్ ఫెన్స్ ఉన్నా నీరు ఆగడం లేదు

ఎక్కువ ఫిర్యాదులు దీని మీదే వస్తాయి, దీని గురించి ఉన్న అపోహ కూడా పెద్దదే. సిల్ట్ ఫెన్స్ అంటే వాలు దిగువన కొయ్యలకు గుడ్డ కట్టి వేసే కంచె. అది నీటిని వడగట్టే గుడ్డ అని చాలామంది అనుకుంటారు. నిజానికి అది నీటిని కాసేపు నిలబెట్టే అడ్డుకట్ట. నీరు నిలబడితే అందులోని మట్టి బరువుకు కిందికి దిగుతుంది. ఇది అర్థమైతే ఫెన్స్ ఎందుకు విఫలమైందో ఎవరూ చెప్పక్కర్లేదు, చూస్తేనే తెలిసిపోతుంది.

గుడ్డ కింది నుంచి నీరు దూరుతుంటే దాని అంచును నేలలో పాతలేదన్నమాట. అంచు మీద కాస్త మట్టి కప్పితే చాలదు. కనీసం 6 అంగుళాల లోతున గాడి తవ్వి, గుడ్డను అందులోకి దించి, మట్టి నింపి గట్టిగా దిమ్మిస కొట్టాలి. పాతాక గుడ్డను చేత్తో పైకి లాగి చూడండి. అది ఊడి వచ్చిందంటే పాతనట్టే లెక్క.

చివరల దగ్గర నీరు చుట్టు తిరిగి పోతుంటే ఫెన్స్ ఒకే మట్టంలో లేదని అర్థం. సరిహద్దు గీత వెంబడి తిన్నగా వేసుకుంటూ పోతే ఇదే జరుగుతుంది. సరిహద్దు గీత నేల వాలును బట్టి నడవదు, నీరు నడుస్తుంది. వాలుకు అడ్డంగా, ఒకే మట్టంలో ఫెన్స్ వేసి, రెండు చివరలనూ వాలు పైకి కొక్కెంలా వంచాలి. పొడవాటి ఫెన్స్ అయితే మధ్యమధ్యలో కూడా అలాంటి వంపులు పెట్టాలి. అప్పుడు నీరంతా ఒక మూలకు చేరకుండా ఎక్కడికక్కడ నిలుస్తుంది.

ఫెన్స్ మొత్తం పడిపోయిందా? మళ్లీ నిలబెట్టే ముందు దాని మీదికి ఎంత నేల నుంచి నీరు వస్తోందో లెక్కగట్టండి. 100 అడుగుల ఫెన్స్‌కు పావు ఎకరం మించకూడదన్నది పనిలో వాడే లెక్క. కొయ్యలు నీరు వచ్చే వైపు కాకుండా దిగువ వైపున ఉండాలి. నీటి తోపుకు గుడ్డ కొయ్యకు ఆనుకుని నిలుస్తుంది. ఇక నీరు ఒక కాలువగా చేరి పారే చోట ఎంత గట్టి ఫెన్స్ వేసినా వృథా. పలచగా పరుచుకుని వచ్చే నీటికే అది పనికొస్తుంది. కాలువలో రాళ్లతో చిన్న చెక్ డ్యామ్‌లు వేయండి. కింది డ్యామ్ తల మట్టం పై డ్యామ్ పాదం మట్టానికి సరిపోవాలి, డ్యామ్ మధ్యభాగం అంచుల కంటే పల్లంగా ఉండాలి. మధ్యలో పల్లం లేకపోతే నీరు పక్కల నుంచి గట్టును కోసేస్తుంది.

నేల పైన కనిపించే ఫెన్స్ ఎత్తులో సగానికి పూడిక చేరకముందే తీసేయాలి. తీసిన మట్టిని పక్కనే కుప్ప పోస్తే తర్వాతి వానకు అదే మట్టి తిరిగి వస్తుంది. ఇలా కుప్ప పోసి వదిలేయడం చాలా సైట్లలో చూశాను, చూసినప్పుడల్లా బాధేస్తుంది. అంత చాకిరీ చేసింది వృథా అయిపోతుంది కదా.

పూడిక గుంటలో నీరు ఎన్ని రోజులైనా ఎర్రగానే ఉంది

పూడిక గుంట అంటే బురద నీరు బయటికి పోయే ముందు నిలబడి, మట్టి అడుగుకు దిగడానికి తవ్వే గుంట. ముందు లెక్క చూద్దాం. మిల్లీమీటరులో పదో వంతు ఉండే ఇసుక రేణువు నిలకడ నీటిలో ఒక మీటరు లోతుకు దిగడానికి సుమారు రెండు నిమిషాలు పడుతుంది. మిల్లీమీటరులో 500వ వంతు ఉండే బంకమట్టి రేణువుకు అదే మీటరు దిగడానికి దాదాపు 3 రోజులు కావాలి. అంతకన్నా సన్నటివి ఇంకా చాలా కాలం తేలుతూనే ఉంటాయి. గుంటను ఎంత పెద్దగా తవ్వినా బంకమట్టి విషయంలో దానికో హద్దు ఉంటుంది.

అందుకే గుంటను తప్పు పట్టే ముందు అక్కడి నీటిని గాజు సీసాలో పట్టి గంటసేపు కదపకుండా ఉంచండి. మట్టి అడుగున దిగి పైన నీరు తేరుకుంటే లోపం గుంటలో ఉంది. సీసాలో కూడా తేరకపోతే లోపం పైన, వాలు మీద ఉంది.

లోపం గుంటదే అయితే చూడాల్సినవి మూడు. నీరు వచ్చే చోటు, పోయే చోటు దగ్గరదగ్గరగా ఉంటే వచ్చిన నీరు నిలవకుండా అడ్డదారిన పోతుంది. మధ్యలో అడ్డు తెరలు కట్టి దారి పొడిగించాలి, లేదా నీరు వచ్చే వైపును మార్చాలి. రెండోది, నీరు అడుగు నుంచి బయటికి పోతుంటే బురదే ముందు పోతుంది. పైపొర నుంచి నీటిని తీసే తేలుడు పైపు పెట్టాలి. ఈపీఏ పర్మిట్ కూడా సాధ్యమైన ప్రతిచోటా పైపొర నుంచే తీయమంటుంది. మూడోది పూడిక. గుంట సామర్థ్యంలో కనీసం సగమైనా ఎప్పుడూ ఖాళీగా ఉండాలి. గుంటలో ఒక కొయ్య పాతి, సగం మట్టానికి ఎర్ర రంగు పూస్తే పూడిక అక్కడిదాకా వచ్చిన రోజు ఎవరికైనా తెలుస్తుంది.

బంకమట్టిని గడ్డ కట్టించే మందులున్నాయి. తొందరపడి గుంటలో పోయకండి. వాటిలో కేటయానిక్ (ధన విద్యుదావేశం ఉన్న) రకాలు చేపల మొప్పలకు అంటుకుని వాటిని చంపగలవు. ఈపీఏ పర్మిట్ కింద వాటిని వాడాలంటే ముందుగా ప్రత్యేక అనుమతి తీసుకోవాలి. ఏ మందైనా ముందు మీ సైటు నీటితోనే సీసాలో పరీక్షించి మోతాదు తేల్చుకోవాలి.

వాన పడ్డ ప్రతిసారీ వాలు మీద నీటి గాడులు పడుతున్నాయి

ఈ గాడులను మట్టితో పూడ్చి వదిలేస్తే మళ్లీ అక్కడే పడతాయి, ఈసారి ఇంకా లోతుగా. కారణాలు రెండు. ఒకటి, వాలు పైనున్న నేల నుంచి నీరు దాని మీదికి దూకుతోంది. రెండోది, నేల నగ్నంగా ఉండటంతో ప్రతి వాన చినుకూ మట్టిని చెదరగొట్టి వదులు చేస్తోంది.

వాలు తలపైన అడ్డకట్ట వేసి, పైనీటిని పక్కకు మళ్లించి, పైపు గుండా గానీ రాళ్లు పరిచిన కాలువ గుండా గానీ కిందికి దించండి. తర్వాత గాడులను సరిచేసి డోజరును వాలు మీద పైకీ కిందికీ నడపండి. అడ్డంగా నడపకూడదు. పైకీ కిందికీ నడిపినప్పుడే చైను పళ్ల అచ్చులు వాలుకు అడ్డంగా పడతాయి, ఒక్కో అచ్చూ చిన్న మెట్టులా నీటిని ఆపుతుంది. అడ్డంగా నడిపితే అచ్చులు నిలువుగా పడి నీటికి కొత్త దారులవుతాయి. ఆ పైన గడ్డి మల్చ్ (నేలను కప్పే గడ్డి పొర) గానీ పీచు చాప గానీ పరచాలి. చాప నేలకు ఆనుకుని ఉండాలి. దాని కింద ఖాళీ ఉంటే నీరు అక్కడే పారి, పైకి కనిపించకుండా నేలను కోస్తుంది.

14 రోజులు, అంతకు మించి పని ఆగబోతోందని తెలిసిన నేలను కప్పే పని వెంటనే మొదలుపెట్టాలన్నది ఈపీఏ నియమం. ఒకేసారి తెరిచి ఉంచిన నేల 5 ఎకరాల లోపయితే 14 రోజుల్లో, అంతకు మించితే 7 రోజుల్లో పూర్తి చేయాలి. ఈ ఒక్క పని సమయానికి జరిగితే కింద ఫెన్స్ మీదా గుంట మీదా పడే భారం సగానికి సగం తగ్గినట్టు అనిపిస్తుంది. అవసరానికి ముందే నేలంతా ఒకేసారి తవ్వి పెట్టుకోవడం నా దృష్టిలో అన్నిటికన్నా పెద్ద తప్పు.

గేటు బయట రోడ్డంతా మట్టి

లారీ చక్రాల మట్టి రాలడానికి గేటు దగ్గర పరిచిన రాళ్ల సందులు మట్టితో నిండిపోయి ఉంటాయి, లేదా ఆ దారి లారీ చక్రం ఒకటి రెండు చుట్లు తిరిగే లోపే అయిపోతూ ఉంటుంది. 2 నుంచి 3 అంగుళాల రాయి, దాని కింద రాయి మట్టిలో కలవకుండా ఆపే జియోటెక్స్‌టైల్ గుడ్డ, కనీసం 50 అడుగుల పొడవు ఉండాలి. సందులు నిండినప్పుడు పైన కొత్త రాయి వేయాలి. రోడ్డు మీద పడిన మట్టిని ఆ రోజు పని ముగిసేలోపు ఊడ్చి ఎత్తేయాలి. పైపుతో డ్రెయిన్‌లోకి కడగడం నిషిద్ధం. మరో గేటు తెరిచి ఉందేమో కూడా చూడండి. డ్రైవర్లు దగ్గరి దారినే పట్టుకుంటారు.

డ్రెయిన్ మూతి దగ్గర నీరు నిలిచి రోడ్డు మునుగుతోంది

మట్టి లోపలికి పోకుండా మూతికి పెట్టిన రక్షణ పూడిపోయింది. విసుగొచ్చి దాన్ని చించేసే పని మాత్రం వద్దు, అప్పుడు అడ్డేమీ లేకుండా బురదంతా పైపులోకి పోతుంది. చుట్టూ చేరిన మట్టిని అదే రోజు తీయండి. మళ్లీ మళ్లీ పూడుతుంటే మట్టి ఎక్కడి నుంచి వస్తోందో పైకి నడిచి చూడాలి.

నీరు తేటగానే ఉంది, గడ్డి మాత్రం మాడిపోతోంది

ఇది కాంక్రీటు కడిగిన నీరు. మట్టి ఉండదు కాబట్టి ఎవరూ పట్టించుకోరు. సిమెంటు నీటి పీహెచ్ (ఆమ్ల, క్షార గుణాన్ని చెప్పే కొలత) 12 వరకూ ఉంటుంది. చేపలకూ మొక్కలకూ అది తట్టుకోలేనంత క్షారం, చర్మాన్ని కూడా కాలుస్తుంది. కడిగే గుంట లైనింగ్ చిరిగిందేమో, నిండి పొర్లుతోందేమో, అసలు కాంక్రీటు పంపు ఆపరేటరుకు గుంట ఎక్కడుందో చెప్పారో లేదో చూడండి. బోర్డు పెట్టండి. నీళ్లు కలిపి పలచన చేసి వదలడం పరిష్కారం కాదు. పీహెచ్‌ను ఒక్క అంకె తగ్గించాలంటేనే దాదాపు పదింతల నీరు కావాలి.

వానే లేదు, అయినా బురద నీరు బయటికి పోతోంది

పునాది గుంట నుంచి నీరు తోడే పంపును చూడండి. పీల్చే పైపు మూతి అడుగున బురదలో ఉంటుంది. చిల్లుల డ్రమ్ములో కంకర పోసి మూతిని అందులో పెట్టండి, లేదా తేలే బుంగకు కట్టండి. బయటికి వదిలే నీటిని ఫిల్టర్ సంచి గుండా, గడ్డి ఉన్న చదును నేల మీదికి పంపండి. తోడుతున్న రోజుల్లో రోజూ తనిఖీ చేయాలి.

సైటు బాగానే ఉంది, కాగితాల దగ్గర దొరికిపోయాం

ప్రణాళిక మ్యాపులో ఫెన్స్ తూర్పున ఉంటుంది, సైటులో ఉత్తరాన ఉంటుంది. పని సాగే కొద్దీ సైటు మారింది, మ్యాపు మారలేదు. మార్పు చేసిన రోజే మ్యాపు మీద ఎర్ర పెన్నుతో గీసి, తేదీ వేసి, సంతకం పెట్టండి. సైటులో వానమాపకం ఉండాలి, రోజూ దాని అంకె రాయాలి. ఈపీఏ పర్మిట్ కింద 7 రోజులకోసారి తనిఖీ చేయాలి, లేదా 14 రోజులకోసారీ, పావు అంగుళం వాన పడినప్పుడల్లా 24 గంటల్లోపూ చేయాలి. నివేదిక తనిఖీ ముగిసిన 24 గంటల్లో పూర్తవ్వాలి. మామూలు మరమ్మతు మరుసటి పనిదినం ముగిసేలోపు జరగాలి, కొత్తగా ఏదైనా అమర్చాల్సి వస్తే 7 రోజుల్లో. వారం చివర కూర్చుని ఏడు రోజులవీ ఒకే పెన్నుతో నింపే అలవాటు ఉంటే ఈరోజే మానేయండి. అది అబద్ధపు రికార్డు.

ఆ పర్మిట్‌లో నాకు బాగా నచ్చిన నియమం ఒకటుంది. ఒకే చోట, ఒకే పరికరానికి, ఒకే మరమ్మతు మూడుసార్లు చేయాల్సి వస్తే దాన్ని ఇక మామూలు మరమ్మతుగా చూడకూడదు. దిద్దుబాటు చర్య కింద తీసుకుని సరిచేయాలి, లేదా అది మరమ్మతే ఎందుకో కారణం రాయాలి. నేను లాగ్‌బుక్ తెరవగానే ముందు ఈ మూడుసార్లు వచ్చిన చోట్లే వెతుకుతాను. మెట్టు దగ్గరి ఫెన్స్ సరిచేశాం, మెట్టు దగ్గరి ఫెన్స్ సరిచేశాం అని వరసగా కనిపిస్తే ఫెన్స్ వదిలేసి, దాని పైనున్న నేల చూడటానికి వెళ్తాను.

పని అయిపోయింది, అనుమతి మాత్రం ముగించడం లేదు

గడ్డి మొలిచింది కదా అంటారు. ఆ ప్రాంతంలో సహజంగా ఉండే పచ్చదనంలో కనీసం 70 శాతం, అదీ నేలంతా సమంగా రావాలి. సహజంగానే నేలలో 50 శాతం మాత్రమే కప్పి ఉండే చోటయితే 35 శాతం చాలు. అక్కడక్కడా బోడి మచ్చలుంటే సగటు లెక్క చూపించి ప్రయోజనం లేదు. ఆ మచ్చల్లో నేల గట్టిపడిపోయిందేమో గునపం దించి చూడండి. గునపం దిగకపోతే వేరు కూడా దిగదు. నేలను గుల్ల చేసి, పైమట్టి వేసి, మళ్లీ విత్తండి. పచ్చదనం నిలిచాకే ఫెన్స్ తీయాలి. తీసేటప్పుడు ముందు దాని వెనక చేరిన పూడిక ఎత్తి, తర్వాత కొయ్యలు పీకి, గాడి పూడ్చి, ఆ పట్టీ మీద కూడా విత్తనం చల్లి మల్చ్ పరచండి.