పాత బ్రిటిష్ పనిముట్టు మీది పేరు ఇప్పుడు ఎవరిదో తెలుసుకోవడం ఎలా

షెఫీల్డ్‌ (ఉక్కు పనిముట్లకు పేరున్న ఇంగ్లండ్ నగరం) చిత్రికనో ఉలినో కొనే ముందు, దాని మీది పేరుకూ దాన్ని తయారు చేసిన కర్మాగారానికీ ఉన్న సంబంధం ఇంకా నిలిచి ఉందా అన్నది తేల్చుకోవాలి. కంపెనీ చేతులు మారినప్పుడు కొనేవారికి యంత్రాలకంటే, పనివాళ్లకంటే ఎక్కువ విలువైనదిగా కనిపించేది తరచుగా ఆ పేరే.

రికార్డ్ అనే షెఫీల్డ్ పనిముట్ల బ్రాండు చరిత్ర చూస్తే ఇది అర్థమవుతుంది. 1898లో మొదలైన సి. అండ్ జె. హాంప్టన్ సంస్థ 1931 నుంచి రికార్డ్ పేరుతో చిత్రికలు చేసింది. 1972లో అది రిడ్జ్‌వే సంస్థతో కలిసింది; 1828 నాటి విలియం మార్పుల్స్ అండ్ సన్స్ కూడా ఆ గొడుగు కిందికే చేరింది. 1982లో స్వీడన్‌కు చెందిన బాకో, 1998లో అమెరికన్ టూల్ కంపెనీస్, 2002లో న్యూవెల్, చివరకు 2017లో స్టాన్లీ బ్లాక్ అండ్ డెక్కర్ యజమానులయ్యాయి. ఒకప్పుడు అమెరికా సంస్థ స్టాన్లీ చిత్రికల నమూనాలకు పోటీగా నిలిచిన పేరు ఆ ఇంటికే చేరిందన్నమాట. అయితే చెక్కపని యంత్రాలు అమ్మే రికార్డ్ పవర్ వేరే సంస్థ. ఒకే పేరు ఇద్దరి చేతుల్లో ఉండగలదు కాబట్టి ఈ తికమకను ముందే తప్పించుకోవాలి.

మొదట పనిముట్టు మీది ప్రతి అక్షరాన్నీ, అంకెనూ రాసుకోవాలి. నమూనా సంఖ్యగా స్టాన్లీ 5 అని వేసిన చోట రికార్డ్ 05 అని వేసింది కాబట్టి, ముద్ర అరిగినా సున్నా ఆధారమవుతుంది. రికార్డ్‌తో పాటు అమెరికన్ టూల్ కంపెనీస్ బ్రాండు ఇర్విన్ పేరు కూడా ఉంటే అది 1998 తర్వాతి సరుకుగానే భావించాలి.

తర్వాత బ్రిటన్‌లో కంపెనీలను నమోదు చేసే కంపెనీస్ హౌస్ రిజిస్టరులో ఉచితంగా వెతకాలి. ఇక్కడ పేరుకంటే కంపెనీ నంబరును నమ్మడం మేలు: పేరు మారినా నంబరు మారదు, పాత పేర్లు కూడా నమోదై ఉంటాయి, రద్దయిన కంపెనీ పేరును మరొకరు కొత్తగా పెట్టుకునే వీలు కూడా ఉంది. సంస్థపై ఎవరికి నిజమైన పట్టు ఉందో 2016 నుంచి అందులో ప్రకటించాలి. అయినా ట్రేడ్‌మార్కు హక్కు వేరొకరి దగ్గర ఉండవచ్చు కాబట్టి, బ్రిటన్ మేధో సంపత్తి కార్యాలయం రిజిస్టరును కూడా తప్పనిసరిగా చూడాలి. ఈ రిజిస్టర్లలో దొరకని పాత కాలానికి షెఫీల్డ్‌లోని కెల్హమ్ ఐలండ్ మ్యూజియంలో ఉన్న పనిముట్ల హాలీ సేకరణ మంచి ఆధారం.

యజమాని మారినంత మాత్రాన నాణ్యత పడిపోయిందని తీర్మానించకూడదు. క్లిఫ్టన్ చిత్రికలను 2014లో కొన్న థామస్ ఫ్లిన్ కూడా షెఫీల్డ్ సంస్థే. కాబట్టి తేల్చుకోవలసింది అమ్మకం జరిగిన సంవత్సరం ఒక్కటే కాదు, తయారీ ఎప్పుడు ఎక్కడికి మారిందన్నది కూడా. అమ్మేవారిని బ్లేడు మీది ముద్ర, తయారీ దేశం రాసిన చోటు స్పష్టంగా కనిపించే ఫొటోలు అడగండి. అవి ఇవ్వడానికి వెనకాడితే, పాత షెఫీల్డ్ సరుకు ధర చెల్లించవద్దు.