పాలు చాలట్లేదని ఎవరైనా అంటే ముందు పాప ఉచ్చపోసి తడిపిన బట్టలు లెక్కపెట్టండి

పాప పుట్టిన రెండో రోజు రాత్రికే మా ఇంట్లో తీర్పు వచ్చేసింది, తల్లికి పాలు పడలేదు, డబ్బా పాలు తెప్పించండి అని. నిజానికి మొదటి రోజు బిడ్డ ఒక్కోసారికి తాగేదే దాదాపు చెంచాడు. చుక్కలు చుక్కలుగా వచ్చే చిక్కటి ముర్రుపాలు దానికి సరిపోతాయి, వాటిని పిండి పారబోయకండి. పాలు బాగా పడేది సాధారణంగా రెండు నుంచి నాలుగు రోజుల మధ్య. ఈలోపు బరువు కాస్త తగ్గుతుంది, రెండు వారాల్లోపు మళ్ళీ పుట్టిన బరువుకి వస్తే చాలు.

అసలు తిప్పలన్నీ బిడ్డకి రొమ్ము పట్టించడంలోనే ఉంటాయి. బిడ్డ పొట్ట మీ పొట్టకి ఆనాలి, తలొక్కటే పక్కకి తిరిగి ఉండకూడదు. చనుమొనతో పైపెదవి మీద రాస్తే ఆవలించినంత పెద్దగా నోరు తెరుస్తుంది, ఆ క్షణంలో బిడ్డనే దగ్గరికి తీసుకోవాలి, మీరు వంగితే నడుం పోతుంది. చనుమొన ఒక్కటే కాదు, చుట్టూ ఉన్న నల్లటి భాగం కూడా చాలావరకు నోట్లోకి వెళ్ళాలి, గడ్డం రొమ్ముకి ఆనాలి. సరిగ్గా పడితే గుటక వినిపిస్తుంది. నొప్పి తగ్గకపోతే ఓర్చుకోవద్దు, నోటి మూల నుంచి చిటికెన వేలు పెట్టి పట్టు విడిపించి మళ్ళీ మొదలుపెట్టండి.

రోజుకి 8 నుంచి 12 సార్లు, రాత్రిళ్ళు కూడా. ఏడ్చేదాకా ఆగకుండా చేతులు నోట్లో పెట్టుకుంటున్నప్పుడే ఇచ్చేయండి. సాయంత్రాలు గంటగంటకీ అడిగితే పాలు తక్కువై కాదు, చాలామంది పిల్లలు అంతే. ఐదో రోజు దాటాక 24 గంటల్లో ఆరు, అంతకంటే ఎక్కువ తడిబట్టలు, బరువు పెరగడం, ఈ రెండూ బాగుంటే టెన్షన్ వద్దు. తడి తగ్గినా, పాలకి లేవకుండా మత్తుగా పడుకున్నా, జ్వరం వచ్చినా, కామెర్ల పచ్చదనం కాళ్ళదాకా పాకినా ఆ రోజే డాక్టర్ దగ్గరికి.

ఆరు నెలలదాకా నీళ్ళు కూడా వద్దు, మన విజయవాడ ఎండల్లో అయినా సరే. తేనె ఏడాది దాకా అసలు వద్దు, నాకించకండి. విటమిన్ డి చుక్కలు మాత్రం డాక్టర్ రాస్తారు, రోజుకి 400 యూనిట్లు. నీళ్ళు తక్కువ తాగాలన్న పత్యం బాలింతకి అక్కర్లేదు, దాహమైనప్పుడల్లా తాగండి. డాక్టర్ డబ్బా పాలు రాస్తే బాధపడకండి, కానీ కొలత మార్చి పల్చగా మాత్రం కలపొద్దు.

పిండిన పాలు బయట నాలుగు గంటలు మించి ఉంచకూడదు, మే నెలలో అంతసేపు కూడా వద్దు. పట్టడానికి సీసా కొనాల్సిన పనిలేదు. మా అమ్మమ్మ ఆముదం పోద్దామని వెండి ఉగ్గుగిన్నె తీసింది, ఆముదం ఆపించి గిన్నె మాత్రం లాక్కున్నాం. కడిగి నీళ్ళలో మరిగించి, పాపని కాస్త నిలువుగా కూర్చోబెట్టి అంచు కింది పెదవికి ఆనిస్తే తనే నాలుకతో జుర్రుకునేది, నోట్లో పోయాల్సిన అవసరమే రాలేదు.