డ్రిప్పు లైన్లకు యాసిడ్ ఎంత పెట్టాలో బకెట్టుతో తేల్చుకోవడం

చీనీ (బత్తాయి) తోటలో డ్రిప్పర్ల మూతి దగ్గర తెల్లగా పెచ్చు కడితే, యాసిడ్ క్యాను తెచ్చే ముందు ఆ పెచ్చు సంగతి చూడండి. పిన్నుతో కొంచెం గీకి పింగాణీ సాసర్లో వేసి, దాని మీద ఒక చుక్క హైడ్రోక్లోరిక్ యాసిడ్ వేయండి. కడప నాపరాయి మీద పడినట్టే బుసబుసమని పొంగితే అది కాల్షియం కార్బొనేట్, యాసిడ్‌కు కరిగిపోతుంది. పొంగకుండా జిగటగా ఉంటే నాచు, బ్యాక్టీరియా. దానికి క్లోరిన్ పెట్టాలి. ఈ రెండు మందులూ ఎప్పుడూ కలవకూడదు. కలిస్తే క్లోరిన్ గ్యాసు పుట్టి ప్రాణం మీదికొస్తుంది.

ఇక ఎంత యాసిడ్? లైన్లో నీళ్ల పీహెచ్‌ను (7 కన్నా తక్కువైతే ఆమ్లం, ఎక్కువైతే క్షారం) 4కు దించేంత. నీటి పరీక్ష రిపోర్టులో పీహెచ్ 7.8 అని చూసి, క్షారం కొంచెమే కదా, యాసిడ్ కూడా కొంచెం చాలనుకుంటారు. చాలామంది లెక్క తప్పేది ఇక్కడే. శుద్ధమైన నీటిలో 55 కోట్ల అణువులకు ఒక్కటి మాత్రమే హైడ్రోజన్, హైడ్రాక్సైడ్ అయాన్లుగా విడిపోయి ఉంటుంది. 25 డిగ్రీల దగ్గర రెండూ సమానం కాబట్టి పీహెచ్ 7. అలాంటి నీళ్లు 10 లీటర్లను పీహెచ్ 4కు దించడానికి బజారు యాసిడ్ రెండు చుక్కలు చాలు. బోరు నీళ్లు అలా లొంగవు. లీటరుకు 366 మిల్లీగ్రాముల బైకార్బొనేట్ ఉందనుకుందాం. పీహెచ్ 7.8 దగ్గర ఉండే హైడ్రాక్సైడ్‌తో పోలిస్తే అది దాదాపు పదివేల రెట్లు. పోసిన యాసిడ్‌ను ముందు అదే తినేస్తుంది. రిపోర్టులో మొదట చూడాల్సింది బైకార్బొనేట్ గడి.

రిపోర్టు లేకపోతే 10 లీటర్ల ప్లాస్టిక్ బకెట్టు, సూది తీసేసిన సిరంజి, పీహెచ్ కాగితాలు చాలు. (పసుపు కాగితం పనికిరాదు, అది క్షారానికే ఎర్రబడుతుంది, 4కూ 6కూ తేడా చెప్పదు.) బోరు ఆన్ చేసి కాసేపు వదిలాక నీళ్లు పట్టి వెంటనే పరీక్షించండి. నిలవ ఉంటే కార్బన్ డయాక్సైడ్ పోయి పీహెచ్ పెరుగుతుంది. డ్రిప్పర్ మూతి దగ్గర పెచ్చు కట్టేదీ ఆ గ్యాసు పోవడం వల్లే. ఒక్కో మి.లీ. యాసిడ్ వేసి, కలిపి, నిమిషం ఆగి కాగితం ముంచండి. సన్నని బుడగలు లేస్తాయి, రంగు 6 చుట్టూ మొండికేసినట్టు కదలదు. విసుగొచ్చి ఒక్కసారిగా పోయొద్దు. బైకార్బొనేట్ అయిపోగానే పీహెచ్ దబ్బున పడిపోతుంది. అందుకే చివర్లో అర మి.లీ. చొప్పునే వేయండి. 32 శాతం యాసిడ్ అయితే పై నీళ్లకు సుమారు 6 మి.లీ. దగ్గర 4 వస్తుంది. క్యాను మారితే పరీక్ష మళ్లీ చేయాలి.

గంటకు 4 లీటర్ల డ్రిప్పర్లు 2,500 ఉంటే 15 నిమిషాల్లో 2,500 లీటర్లు పారతాయి. లీటరుకు 0.6 మి.లీ. చొప్పున లీటరున్నర యాసిడ్ కావాలి. ప్లాస్టిక్ తొట్టిలో ముందు నీళ్లు, తర్వాత యాసిడ్. తిరగేస్తే వేడికి మొహాన చిమ్ముతుంది. గ్లౌజులు, కళ్లద్దాలు పెట్టుకొని గాలికి ఎదురుగా కాకుండా పక్కకు నిలబడండి. ఒంటి మీద పడితే 15 నిమిషాలు ధారగా నీళ్లతో కడగాలి. ఇనుప ఫిల్టరు దాటాకే వెంచురి (యాసిడ్‌ను లైన్లోకి పీల్చే పరికరం) ఉండాలి, లేకపోతే ఫిల్టరును తినేస్తుంది.

గడియారాన్ని నమ్మకుండా చివరి లేటరల్ (డ్రిప్పర్లు ఉండే సన్న పైపు) చివర కాగితం ముంచి చూడండి. అక్కడ 4 వచ్చాకే మోటారు ఆపి 24 గంటలు వదిలేయండి. మేలో పైపుల్లో నీళ్లు 40 డిగ్రీలకు చేరితే తటస్థ బిందువే (ఆమ్లమూ క్షారమూ కాని పీహెచ్) సుమారు 6.8కి దిగుతుంది, అప్పుడు 6.8 చూసి నీళ్లు ఆమ్లమయ్యాయనుకోవద్దు.

మరుసటి రోజు ముందు సబ్‌మెయిన్ (లేటరళ్లకు నీళ్లిచ్చే పైపు) ఫ్లష్ వాల్వు, తర్వాత ఒక్కో లేటరల్ ఎండ్ క్యాపు తెరవండి. మొదట సున్నం కలిపినట్టు తెల్లటి నీళ్లు వస్తాయి. అవి తేరుకునేదాకా మూయొద్దు.