డిస్నీ వరల్డ్‌కు మొదటిసారి వెళ్తున్నారా? ముందు ఇవి చూసుకోండి

ఫ్లోరిడాలోని వాల్ట్ డిస్నీ వరల్డ్‌లో థీమ్ పార్కులే నాలుగు. రోజుకొకటి చాలు. ఒకే రోజు రెండు పెట్టుకుంటే ఏదీ సరిగ్గా చూడలేరు.

☐ టికెట్లు తేదీల ప్రకారం ఇస్తారు. విమానం, హోటల్ తేదీలతో సరిచూసుకున్నాకే డబ్బు కట్టండి. మూడేళ్లలోపు పిల్లలకు టికెట్ అక్కర్లేదు.

☐ పిల్లల ఎత్తు ఇంట్లోనే కొలవండి. స్పేస్ మౌంటెన్ అనే రోలర్ కోస్టర్‌కు 44 అంగుళాలు ఉండాలి. కాస్త తగ్గినా ఎక్కనివ్వరు, ఎంత బతిమాలినా లాభం లేదు. అప్పుడు లైన్లోకి వెళ్లేముందే సిబ్బందిని రైడర్ స్విచ్ అడగండి. ఒకరు పిల్లలతో బయట ఆగుతారు. రెండోవాళ్లు దిగొచ్చాక, ఆగినవాళ్లు మళ్లీ మొత్తం లైన్ నిలబడకుండా ఎక్కొచ్చు.

☐ ఆ నాలుగు పార్కుల్లో ఒకటైన మ్యాజిక్ కింగ్‌డమ్‌కు కారులో వెళ్తే పార్కింగ్ గేటు పక్కన ఉండదు. అక్కణ్ణుంచి మోనోరైలో ఫెర్రీయో ఎక్కాలి. తెరిచే వేళకు గంట ముందే పార్కింగ్‌కు చేరండి.

☐ స్ట్రోలర్ వెడల్పు 31, పొడవు 52 అంగుళాలు దాటకూడదు. సెల్ఫీ స్టిక్‌లు లోపలికి రానివ్వరు.

☐ వేసవి మధ్యాహ్నాల్లో ఉరుముల వానలు మామూలే. మెరుపులుంటే ఆరుబయటి రైడ్లు ఆపేస్తారు, అందుకే వాటిని పొద్దున్నే ముగించండి. రెయిన్‌కోటు, మార్చుకోవడానికి సాక్సులు తప్పనిసరి.

☐ రైడ్ల వెయిటింగ్ సమయాలు, తిండి ఆర్డర్లు అన్నీ డిస్నీ వాళ్ల యాప్‌లోనే. పవర్ బ్యాంక్ మర్చిపోవద్దు.