మీటర్ బీప్‌ని నమ్మకండి: క్రింపింగ్‌కి కూర్చునే ముందు కొన్ని జాగ్రత్తలు

ఐటీఐ, డిప్లొమా అయిపోయి శంషాబాద్ వైపో ఆదిభట్ల వైపో విమానాల వైరింగ్ పనిలో చేరబోయే పిల్లలు నన్ను అడిగే ప్రశ్న ఎప్పుడూ ఒకటే. "అన్నా, క్రింపింగ్‌లో ఏముంది, పిన్నులో తీగ పెట్టి నొక్కడమే కదా?"

నొక్కడమే. కాకపోతే నొక్కాక లోపల ఏం జరిగిందో పైకి కనపడదు, గొడవంతా అక్కడే. తీగలోని సన్నని పోగులు సగమే పట్టుకున్నా మల్టీమీటర్ పెడితే బీప్ వస్తుంది, ఆ తీగ వెళ్లే రేడియో లాంటి బాక్స్ ఆన్ అవుతుంది, బెంచ్ మీద టెస్ట్ కూడా పాసైపోతుంది. ఆ తర్వాత విమానం ఎక్కాక, ఇంజన్ వణుకుడికి తీగ పిన్నులో కొంచెం కొంచెం కదిలి కదిలి, ఎప్పుడో ఒకరోజు రేడియో గరగరమంటుంది. కిందికి దిగాక చూస్తే శుభ్రంగా పనిచేస్తుంది. ఇలా వచ్చీపోయే ఫాల్ట్‌ని పట్టుకోవడం ఎంత నరకమో హ్యాంగర్‌లో పనిచేసేవాళ్లని అడగండి. అందుకే మన జాగ్రత్తంతా నొక్కకముందే ఉండాలి.

ముందు టూల్ సంగతి. చిన్న పిన్నులకి చాలాచోట్ల మీ చేతికిచ్చేది నీలం హ్యాండిళ్ల డేనియల్స్ కంపెనీ టూల్, కాగితాల మీద దాని నంబరు ఎం22520/2-01. ఇది పిన్నుని నాలుగు వైపుల నుంచి, ఒక్కో వైపు రెండేసి గాట్లు పడేలా నొక్కుతుంది. ఇందులో మీరు మార్చాల్సినవి రెండు. పిన్ను లోపల సరైన చోట కూర్చునేలా పట్టుకునేది పొజిషనర్, అది పిన్ను రకాన్ని బట్టి మారుతుంది. ఎంత లోతుగా నొక్కాలో చెప్పేది సెలెక్టర్ నాబ్, దాని మీద 1 నుంచి 8 వరకు అంకెలుంటాయి, అది తీగ గేజుని, అంటే మందాన్ని బట్టి మారుతుంది (గేజు అంకె పెరిగేకొద్దీ తీగ సన్నం). మగ పిన్ను, ఆడ సాకెట్ చూడ్డానికి అక్కచెల్లెళ్లలా ఉన్నా కొన్ని రకాల్లో రెండింటికీ వేర్వేరు పొజిషనర్లు కావాలి. కాబట్టి పార్ట్ నంబరు చూసి, పట్టికలో వేలు పెట్టి చదివి, అప్పుడు నాబ్ తిప్పండి. గుర్తుంది కదా అని తిప్పొద్దు.

ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానంటే, చేరిన రెండో నెలలో నేనే మునిగాను. ముందు షిఫ్టులో ఎవరో 20 గేజు తీగకి పెట్టుకున్న సెట్టింగ్ టూల్ మీద అలాగే ఉంది, నా చేతిలో ఉన్నదేమో 24 గేజు. నాబ్ చూడకుండా 37 పిన్నుల కనెక్టర్ ఒకటి టకటకా పూర్తి చేసి, అన్నీ బీప్ అన్నాయని మురిసిపోతూ టీకి వెళ్లాను. వచ్చేసరికి మా సీనియర్ అక్క ఒక తీగని రెండు వేళ్లతో పట్టుకుని లాగి చూపించింది, వెన్నలోంచి వెంట్రుక వచ్చినట్టు వచ్చేసింది. ఒకసారి నొక్కిన పిన్ను మళ్లీ పనికిరాదు, 37 పిన్నులూ కత్తిరించి పారేయాల్సిందే. కత్తిరించిన ప్రతిసారీ తీగ కొంత పొట్టిదవుతుంది, ఆ హార్నెస్‌లో, అంటే తీగల కట్టలో, అదనంగా వదిలిన పొడవు కూడా చాల్లేదు. మొత్తం స్క్రాప్. ఆ రోజు నుంచి టూల్ తీసుకోగానే మొదట నాబ్ చూడ్డం, పని అవగానే పొజిషనర్ విప్పి పెట్టడం అలవాటైపోయింది.

టూల్ మీద కాలిబ్రేషన్ స్టిక్కర్, అంటే కొలత సరిచూసిన గుర్తు, ఉంటుంది, దాని మీద తేదీ దాటిందా లేదా చూడండి. తేదీ ఉన్నా సరే, షిఫ్టు మొదట్లో గేజ్ పెట్టి చూడాలి (ఇది తీగ గేజు కాదు, టూల్ అరిగిందో లేదో చూసే చిన్న కడ్డీ). సెలెక్టర్ 4 మీద పెట్టి హ్యాండిల్ పూర్తిగా మూసి పట్టుకుంటే గేజ్ పచ్చ కొస దూరాలి, ఎర్ర కొస దూరకూడదు. ఎర్రది దూరిందంటే టూల్ అరిగిందని, పక్కన పెట్టేసి చెప్పండి. "ఈ ఒక్కరోజుకి" అనే మాట ఈ పనిలో వద్దు. గేజ్ మీద మాత్రం క్రింప్ చేయబోకండి, టూలూ పోతుంది గేజూ పోతుంది.

ఇప్పుడు తీగ ఒలవడం. నా లెక్కలో చెడిపోయే క్రింపుల్లో ఎక్కువ ఇక్కడే చెడతాయి. వీధి చివర ఆటో ఎలక్ట్రీషియన్ పళ్లతో కొరికి తీగ ఒలిచేస్తాడే, మనలో చాలామందికి చిన్నప్పటి నుంచి చేతికి పట్టిన అలవాటు అదే, లేదంటే బ్లేడు. రెండూ ఇంటి దగ్గరే వదిలేసి రండి. విమానాల్లో మామూలుగా వాడే 22 గేజు తీగలో 19 పోగులుంటాయి, ఒక్కో పోగు 0.16 మిల్లీమీటర్లు, అంటే రెండు తలవెంట్రుకలు పక్కపక్కన పెట్టినంత. బ్లేడు ఆనితే చాలు, గాటు పడుతుంది. ఈ సైజులో 19 పోగుల రాగి తీగకి అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ ఎఫ్‌ఏఏ గైడ్ ఏసీ 43.13-1బీ ఒప్పుకునేది రెండు పోగుల మీద గాటు వరకే, తెగిన పోగు ఒక్కటి కూడా ఉండకూడదు. మీ షాపు డ్రాయింగ్ అంతకంటే కఠినంగా ఉంటే అదే మీకు శాసనం. స్ట్రిప్పర్‌లో సరైన గేజు గాడిలోనే తీగ పెట్టండి, మొదటి రెండు మూడు ముక్కల్ని లెన్స్ కింద పెట్టి పోగులు లెక్కపెట్టండి. పోగులు విచ్చుకుంటే అవి ముందు ఏ వైపు మెలి తిరిగి ఉన్నాయో అదే వైపు మెల్లగా సర్దండి, దీపం వత్తి చేసినట్టు బిగించి పురి పెట్టకండి.

ఒలిచిన పొడవు కూడా చూడాలి. పిన్ను పక్కన చిన్న రంధ్రం ఉంటుంది, ఇన్‌స్పెక్షన్ హోల్ అంటారు. తీగ లోపలికి తోశాక ఆ రంధ్రంలో పోగులు కనపడాలి. ఇటు చివర ఇన్సులేషన్‌కీ పిన్ను అంచుకీ మధ్య కొద్దిపాటి సందు, మిల్లీమీటర్ లోపే, ఉండాలి. సందు మరీ ఎక్కువైతే బోసి తీగ వంగి వంగి తెగుతుంది. అసలు లేకపోతే ఇన్సులేషన్ కూడా లోపలికి దూరి ఉండొచ్చు, అప్పుడు టూల్ నొక్కింది రాగినా ప్లాస్టిక్‌నా అన్నది దేవుడికే తెలియాలి. పోగు ఒక్కటి బయటే మిగిలిపోయినా తీసి మళ్లీ పెట్టండి, బయట మిగిలినదాన్ని కట్టర్‌తో కత్తిరించి ఏమీ ఎరగనట్టు ఉండటం దొంగపని.

నొక్కేటప్పుడు తీగని లోపలికి ఆనించి పట్టుకుని, హ్యాండిల్ చివరిదాకా. టూల్‌లో రాచెట్ అనే పళ్ల అమరిక ఉండేదే సగంలో వదలకుండా ఆపడానికి. మధ్యలో ఇరుక్కుంటే బలవంతంగా విప్పబోకండి. నొక్కేశాక గట్టిదనం కోసం టంకం పెడదామా అని కొందరు అడుగుతారు, ముఖ్యంగా టీవీ రిపేర్ షాపుల్లో చేసి వచ్చినవాళ్లు. వద్దు. టంకం పోగుల మధ్య పైకి పాకి తీగని పుల్లలా చేస్తుంది, ఆ పుల్ల ఆగిన చోటే వణుకుడికి విరుగుతుంది.

అసలు హార్నెస్ మొదలుపెట్టే ముందు అదే తీగ, అదే పిన్నులు, అదే సెట్టింగ్‌తో మూడో నాలుగో శాంపిల్స్ చేసి లాగుడు పరీక్ష చేయించండి. ఇలాంటి పిన్నుల్లో 22 గేజుకి సాధారణంగా కనీసం 12 పౌండ్లు, అంటే దాదాపు ఐదున్నర కేజీల లాగుడు తట్టుకోవాలి. చేత్తో లాగి "గట్టిగానే ఉందిలే" అనేది పరీక్ష కాదు.

నొక్కిన పిన్నుని కనెక్టర్‌లోకి దింపడానికి రంగు ప్లాస్టిక్ టూల్ ఉంటుంది, సాధారణంగా రంగు కొస దింపడానికి, తెల్ల కొస తీయడానికి. క్లిక్ అన్నాక తీగని వెనక్కి మెత్తగా ఒక్కసారి లాగి చూడండి. తీసేటప్పుడు తొందరపడితే ఆ తెల్ల కొస విరిగి రంధ్రంలోనే ఉండిపోతుంది, ఇక దాన్ని బయటికి తీయడానికి పూట గడిచిపోతుంది.

ఒంటి సంగతి కూడా చెప్పాలి. తెగిన తీగ ముక్క కంట్లోకి ఎగురుతుంది, అద్దాలు పెట్టుకోండి. వేడితో ఒలిచే స్ట్రిప్పర్ వాడితే పొగ లాగే ఫ్యాన్ ఆన్ చేసుకోండి. టెఫ్లాన్ లాంటి ఇన్సులేషన్లు బాగా వేడెక్కి వచ్చే పొగ పీలిస్తే కొన్ని గంటల తర్వాత చలి, జ్వరం, ఒళ్లు నొప్పులు వస్తాయి, ఫ్లూ అనుకుంటారు. ఆ ఇన్సులేషన్ పొడి చేతికి అంటుకుని ఉండగా సిగరెట్ కాల్చినా అదే జ్వరం వస్తుంది, కాబట్టి చేతులు కడుక్కున్నాకే బయటికి వెళ్లండి. రెండొందల పిన్నుల తర్వాత మణికట్టు లాగుతుంది, అప్పుడు లేచి ఐదు నిమిషాలు తిరిగి రండి, అలిసిన చేయి హ్యాండిల్‌తో పాటు తీగని కూడా వెనక్కి లాగేస్తుంది.

బెంచ్ దిగే ముందు లెక్క చూడండి. 50 పిన్నులు తీసుకుని 37 వాడి, 4 పాడు చేస్తే డబ్బాలో 9 ఉండాలి. 8 ఉంటే ఆ ఒక్కటి దొరికేదాకా హార్నెస్ పక్కకి పంపొద్దు, దులిపి చూడండి, కనెక్టర్ వెనక లైట్ వేసి చూడండి. నాకోసారి చొక్కా మడతలో దొరికింది, ఇంకోసారి ఇంకొకరి కనెక్టర్ లోపల.